చిట్టెలుకలకు ఊచల కేజా, గాజు తొట్టా?

కొత్తబోణీ: పెంచుకుందామని నాలుగు ఆడ చిట్టెలుకలు తెచ్చుకున్నాం. ఒకప్పుడు ఎలుకలాంటి హ్యామ్‌స్టర్ ఉన్న ఊచల కేజ్ ఖాళీగా పడి ఉంది. ఊచల మధ్య స్కేలు పెట్టి చూస్తే 10 మిల్లీమీటర్ల సందు వచ్చింది. దానికి జాలీ చుట్టి వాడొచ్చా, లేక పాత చేపల తొట్టె మేలా? ప్రస్తుతం అట్టపెట్టెలో ఉంచాం, ఒక మూల కొరకడం అప్పుడే మొదలైంది. కాస్త త్వరగా చెప్పండి.

గాజుగోడ: ఆ కేజ్ సంగతి మర్చిపోండి. చిట్టెలుకకు తల దూరితే ఒళ్లంతా దూరినట్టే. వయసులో ఉన్న ఆడ ఎలుకలకు సందు 6 మిల్లీమీటర్లు దాటితే నమ్మకం లేదు. తొట్టె తీసుకుని కనీసం 15 సెంటీమీటర్ల లోతున చెక్క పొట్టు పోయండి, అవి సొరంగాలు తవ్వుకుంటాయి. పైన గట్టి జాలీ మూత వేయండి. గాజు పలక మూతగా పెట్టొద్దు. ఎండ పడే కిటికీ దగ్గర అసలు ఉంచొద్దు, లోపల వేడి దిగదు.

పొడుగుతోక: మా కేజ్ సందు కూడా 10. ఒక్కటీ పారిపోలేదు. బాగా తిని బలిశాయి.

రెండంతస్తులు: గాజుగోడ గారూ, గాలి మాట ఎత్తరేం? తొట్టెకు నాలుగు వైపులా గోడలే. మూత్రం నుంచి పుట్టే అమోనియా వాటి ముక్కుల దగ్గరే నిలిచిపోతుంది. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి చాలా ఎలుకల ఒంట్లో ముందే ఉంటుంది, అమోనియా పెరిగితే అదే ఊపిరితిత్తుల జబ్బుగా ముదురుతుంది. మా బూడిదరంగు పిల్ల తొట్టెలో ఉండగానే పోయింది. చెవి దగ్గర పెట్టుకుంటే గొంతులో టిక్ టిక్‌మని చప్పుడు, ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు ఎగరడం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ‘ఎలుకే కదా’ అని నవ్వి పంపించాడు. ఆ తర్వాత ఊచల కేజే కొన్నాను.

గాజుగోడ: మీ బాధ అర్థమైంది, కానీ ప్రశ్న 10 మిల్లీమీటర్ల గురించి. దానికి జవాబు చెప్పండి.

రెండంతస్తులు: జాలీ చుడితే సరిపోతుంది.

గాజుగోడ: చుట్టిన జాలీకీ ఊచకీ మధ్య వదులుంటే ఎలుక అందులో ఇరుక్కుంటుంది. తలుపు దగ్గర ఎలా చుడతారు?

రంపంబాబాయ్: మీరిద్దరూ కాసేపు ఆగండి. తలుపుకి విడిగా ఒక ముక్క బిగించాలి, అంతే. నన్నడిగితే పెద్ద ప్లాస్టిక్ స్టోరేజ్ డబ్బా మేలు. మూతలోనూ ఒక పక్క గోడలోనూ కిటికీల్లా కోసి, 6 మిల్లీమీటర్ల గడి ఉన్న ఇనుప జాలీని లోపలి వైపు నుంచి బోల్టులూ వాషర్లూ వేసి బిగించండి. బయటి నుంచి బిగిస్తే ప్లాస్టిక్ కోసిన అంచు వాటి పంటికి అందుతుంది, రాత్రంతా కూర్చుని దాన్నే కొరుకుతాయి. నున్నటి గోడను మాత్రం కొరకలేవు, పన్ను ఆనడానికి అంచు ఉండాలి. జాలీ తీగల కొసలు బయటికి వంచండి, లేకపోతే పాదాలు గీసుకుంటాయి. గాలీ ఆడుతుంది, పొట్టూ లోతుగా పోసుకోవచ్చు.

అర్ధరాత్రి: నాలుగూ ఆడవేనని ఎవరు చెప్పారు? 😀

కొత్తబోణీ: ఇచ్చినవాళ్లు.

అర్ధరాత్రి: మూడు వారాల్లో తెలిసిపోతుంది లెండి.

గాజుగోడ: చూశారా! పిల్లలు పుడితే 10 మిల్లీమీటర్లలోంచి వరుసగా బయటికి నడిచి వస్తాయి. అసలు రెండంతస్తులు గారి తొట్టెలో అమోనియా ఎందుకు పెరిగిందో అది చెప్పమనండి. ఎన్నాళ్లకోసారి పొట్టు మార్చారు?

రెండంతస్తులు: మార్చలేదనా మీ ఉద్దేశం? రోజు విడిచి రోజు మొత్తం తీసేసి, ఫినాయిల్‌తో కడిగి ఆరబెట్టేదాన్ని. మా అత్తగారు హాల్లోకి వచ్చినప్పుడల్లా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటే ఎలా ఉంటుందో మీకేం తెలుసు!

గాజుగోడ: అదేనండీ అసలు గొడవ. వాసనే వాటికి ఇంటి గుర్తు. మొత్తం కడిగేస్తే టెన్షన్‌తో మళ్లీ అంతటా మూత్రం గుర్తులు పెడతాయి, కంపు ఇంకా పెరుగుతుంది. ఆ ఫినాయిల్ ఘాటు కూడా ఊపిరితిత్తులకు చేటే. తడిసిన మూల మాత్రం తీసి, పాత గూడు పొట్టు కొంచెం ఉంచాలి. మీరు తొట్టె కడిగింది ఎలుకల కోసం కాదు, అత్తగారి కోసం.

పొడుగుతోక: అబ్బో.

రెండంతస్తులు: మర్యాదగా మాట్లాడండి. ఇల్లు నా ఒక్కదానిదే కాదు, ఆవిడా ఉంటారు. ఇంతకీ మీ తొట్టెలో ఎలుకలు మీకు ఎప్పుడైనా కనిపిస్తాయా?

గాజుగోడ: ఎప్పుడో గానీ కనిపించవు. పగలంతా సొరంగంలోనే. రాత్రి దీపం ఆర్పాక పొట్టు కదులుతుంది. అంతే.

రెండంతస్తులు: మరి కనిపించని ఎలుకని పెంచడం దేనికి? మావి ఊచలు పట్టుకుని పైకెక్కి, తలుపు తీయగానే చేతిమీదికి వస్తాయి. మా పాప పేరు పెట్టి పిలుస్తుంది. మీదేమో పొట్టు పెంపకం.

గాజుగోడ: అవి ఎలుకలు, బొమ్మలు కావు. ఎవరూ చూడకపోయినా తవ్వుకుంటాయి. నాకు అది చాలు.

రెండంతస్తులు: నాకు చాలదు. బతికేదే రెండేళ్లు. అందులో ఏడాది పొట్టు కిందే ఉంటే ఇక తెచ్చుకోవడం ఎందుకు?

రంపంబాబాయ్: ఈ ముక్క మొదటే అనుకుని ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. ఆ అమ్మాయి చూసుకోవడానికి కావాలందా, తవ్వనిస్తానందా? ఎవరూ అడగలేదు.

కొత్తబోణీ: రెండూ కావాలి అంటే తిడతారా? పైగా ఒకటి అట్టపెట్టెలోంచి బయటపడి ఫ్రిజ్ వెనక దూరింది. ఇప్పుడే బయటికి రప్పించాం. ఈ రాత్రికి చేపల తొట్టెలో వేసేస్తున్నా, పైన జాలీ ఉంది. రేపు డబ్బా కోయడం మొదలుపెడతాను. ఇంట్లో రెండు రకాల పొట్టు ఉంది, ఒకటి మంచి సువాసన వస్తోంది.

గాజుగోడ: ఆ సువాసనదే వద్దు. దేవదారు పొట్టు ఊపిరితిత్తులకూ కాలేయానికీ మంచిది కాదు. ఇంకేమీ లేకపోతే కాగితం ముక్కలు పోయండి.

రెండంతస్తులు: ఈ ఒక్క విషయంలో ఆయన చెప్పింది నిజమే. తిరిగే చక్రం కొనేటప్పుడు తీగల చక్రం వద్దు, తోక ఇరుక్కుంటుంది. పరిగెత్తే చోట సందుల్లేనిది, నడుము వంగకుండా కనీసం 15 సెంటీమీటర్ల వ్యాసమున్నది తీసుకో. దాన్ని ముందువైపే పెట్టు, కనీసం అప్పుడైనా కనిపిస్తాయి.

గాజుగోడ: వెనకవైపు పెట్టండి. ముందు జనం తిరుగుతుంటే బెదురుతాయి.

రెండంతస్తులు: మళ్లీ మొదలుపెట్టారా?