అభయారణ్యంలో చెట్టే లేకపోతే?

అమెరికాలోని అలాస్కా ఉత్తరాన వన్యప్రాణుల కోసం ఉంచిన ప్రాంతం మీద ఓ వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఇంగ్లీషులో 'ఆర్కిటిక్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్'. అలవాటుకొద్దీ 'వన్యప్రాణి అభయారణ్యం' అని రాసేశాక ఫొటోలు చూస్తే నవ్వొచ్చింది. చమురు కోసం కొట్లాట నడుస్తున్న ఆ తీరమైదానంలో చెట్టన్నదే లేదు. గడ్డి, నాచు, పొట్టి పొదలు, అంతే. అక్కడ అరణ్యం ఏమిటి? పోనీ 'రక్షిత ప్రాంతం' అందామంటే సర్కారు బోర్డు చదివినట్టుంది.

ఇప్పటికే ఒకసారి పరువు పోయింది. అక్కడ మందలుగా తిరిగే కారిబూలు ఓ రకం దుప్పులు. 'పోర్క్యుపైన్ కారిబూ'ని 'ముళ్ళపంది దుప్పులు' అని రాశాను. పోర్క్యుపైన్ అక్కడి నది పేరట, మందకి ఆ పేరు దాన్నుంచే వచ్చిందట!

— — —

ముళ్ళపంది దుప్పి బాగుందమ్మా, దాచుకో.

అరణ్యం గురించి దిగులు పడకు. చెట్లుంటేనే అరణ్యం అన్నది మనకి తర్వాత పట్టుకున్న అలవాటు. వేదకాలంలో అది గ్రామానికి ఎదురుమాట. ఊరూ, దున్నిన పొలమూ దాటితే ఇక అరణ్యమే, చెట్టున్నా లేకున్నా. 'అరణ' అంటే దూరమైనది, పరాయిది. మన పులికాట్ ఉప్పునీటి సరస్సు కాదూ? దాన్నీ పక్షుల అభయారణ్యం అనే రాస్తున్నాం.

నా పేచీ మాటలో మొదటి సగంతో, 'అభయం'తో. రాముడు విభీషణుడికి అభయమిచ్చాడు. 'ప్రస్తుతానికి ఉండు, నీ సంగతి తర్వాత చూద్దాం' అనలేదు. అక్కడి చట్టం ఏమంటోందో చూశావా?

— — —

మాస్టారూ, అచ్చంగా అదే అంది! 1960లో అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ ప్రభుత్వం ఆ నేలని 'రేంజ్' పేరుతో కాపాడింది. 1980లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం దాన్ని పెంచి 'రెఫ్యూజ్' చేసింది. అదే చట్టంలో 1002వ సెక్షన్ సుమారు 15 లక్షల ఎకరాల తీరమైదానాన్ని విడిగా పెట్టి, అక్కడ చమురు సంగతి పరిశీలించమంది. ఆ పక్క సెక్షనేమో అమెరికా చట్టసభ, అంటే అక్కడి కాంగ్రెస్, ఒప్పుకునేదాకా తవ్వకూడదంది. అంటే అభయం ఇచ్చిన చేత్తోనే తలుపు ఓరగా వేసి ఉంచారు. 2017లో ఆ కాంగ్రెసే చట్టం చేసి తలుపు తీసింది. 2021 జనవరిలో జరిగిన తవ్వకం హక్కుల వేలంలో పెద్ద చమురు కంపెనీలు కనపడలేదు, ఎక్కువ భాగం అలాస్కా రాష్ట్ర సంస్థే పాడుకుంది. 2025 జనవరిలో ఇంకో వేలం పెడితే ఒక్క పాటా రాలేదు. ఆపడం, తెరవడం మాత్రం ప్రభుత్వం మారినప్పుడల్లా ఉంటూనే ఉంది.

అక్కడివాళ్ళు ఆ చోటుని 'టెన్-ఓ-టూ' అనే పిలుస్తారు. ఓ నేలకి సెక్షన్ నంబరే పేరైపోవడం నాకెందుకో మింగుడుపడదు.

— — —

నంబరు కాని పేరు కూడా ఉంది. కారిబూల మీద బతికే గ్విచిన్ జనం ఆ మైదానాన్ని 'ప్రాణం మొదలయ్యే పవిత్ర స్థలం' అంటారు. తెలుగులో ఇది గుడి బోర్డులా తేలిపోతోంది. నన్నడిగితే 'పురిటి నేల' అంటాను. చూలు కారిబూలు వందల మైళ్ళు నడిచి ఏటా అక్కడికే వస్తాయి. మే నెలాఖరు, జూన్ మొదట్లో ఈనుతాయి. తోడేళ్ళు తక్కువ, లేత గడ్డి దొరుకుతుంది. సముద్రపు గాలికి దోమల బాధా కొంత తగ్గుతుంది. పురిటికి పుట్టింటికి వెళ్ళడం మనకి ఒకరు చెప్పాలా? కరువొచ్చినా ఆ నేల మీద అడుగు పెట్టేవాళ్ళం కాదని గ్విచిన్ పెద్దలు చెబుతారు.

ఒక్క మాట. ఆ మైదానం అంచునే ఉన్న కాక్టోవిక్ అనే ఊళ్ళో, ఇనుపియాట్ ఆదివాసుల్లో చాలామంది తవ్వకం కావాలంటారు. వ్యాసంలో వాళ్ళని వదిలేయకండి.

— — —

కాక్టోవిక్ చేర్చాను. 'పురిటి నేల' తీసుకుంటున్నానక్కా, అడక్కుండానే. అభయారణ్యాన్ని ఉంచేసి, మాస్టారి పేచీ కింద ఒక వాక్యంగా పెట్టాను.

ఇంకొక్కటి మిగిలింది. ఆడ ధ్రువపు ఎలుగు చలికాలంలో మంచు తొలుచుకుని లోపల పిల్లల్ని కంటుంది. 'గుహ' అంటే రాయి గుర్తొస్తోంది, 'బొరియ' అంటే ఎలుక. ఏమనాలి?