లాన్ చానీ రంగస్థల జీవితం గురించి తెలిసినవారు సహాయం చేయగలరా?

మూకీ చిత్రాల నటుడు లాన్ చానీ నటనను అధ్యయనం చేస్తున్న నాకు ఒక విషయంలో మీ సహాయం కావాలి. 1883లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో బధిర దంపతులకు జన్మించిన ఆయన, సైగలతో, ముఖకవళికలతో మనసులోని మాట తెలపడం ఇంట్లోనే నేర్చుకుని, 1902 నుంచి సంచార నాటక బృందాలతో ఏళ్ల తరబడి తిరిగి, ఆ తరువాతే సినిమాల్లో అడుగుపెట్టారు. 1923లో ‘ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోట్రడామ్’ సినిమాలో గూనివాడైన క్వాసిమోడోగా, 1925లో ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’ సినిమాలో ఒపేరా (సంగీత నాటక) భవనపు ఫాంటమ్‌గా తన ముఖాన్ని తానే మలుచుకున్న తీరు (ఆ వేషాలు ఆయన స్వహస్తాలతో వేసుకున్నవే) నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. అయితే నేను చదివిన వ్యాసాలు ఆ నాటకాల కాలాన్ని రెండు వాక్యాల్లో దాటేశాయి. ఆయన వేషధారణ విద్యకు పునాది రంగస్థలం మీదే పడిందా? అప్పటి ప్రదర్శనల కరపత్రాలు, పత్రికా సమీక్షలు ఏ గ్రంథాలయంలో చూడవచ్చో దయచేసి తెలుపగలరు.