ఎక్కువ తాగేవాళ్లకే, మానితే ఫిట్స్ వస్తాయా?

తార్నాక శ్రీను:
మా బాబాయికి మందు మానేసిన రెండో రోజే ఫిట్స్ వచ్చాయి. చుట్టాలంతా "అంత తాగితే రావా మరి" అన్నారు. ఆయనతో సమానంగా తాగే పక్కింటాయన మానేస్తే చేతులు వణికాయి, అంతే. అందుకే నా వాదన: తాగాలనే యావ వేరు, మానితే పడే బాధ వేరు. ల్యాబ్ చిట్టెలుకల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. సీ57 జాతి ఎలుకలకు ఒక సీసాలో నీళ్లు, ఇంకోదాంట్లో 10 శాతం ఆల్కహాల్ పెడితే మందు సీసానే ఎక్కువ ఖాళీ చేస్తాయి. డీబీఏ జాతివి దాదాపు ముట్టవు. కానీ రెండింటికీ ఆల్కహాల్ ఎక్కించి ఆపేస్తే, ఫిట్స్ ఎక్కువగా వచ్చేది ముట్టని డీబీఏలకే.

ఉప్పల్ లక్ష్మి:
శ్రీను గారూ, బాబాయి గారు ఇప్పుడు కోలుకున్నారా? మీ వాదనలో ఒక చిక్కుంది. డీబీఏలకు ఆ రుచే పడదు. నోటితో పని లేకుండా నేరుగా రక్తనాళంలోకి వెళ్లే ఏర్పాటు చేస్తే అవి కూడా తీసుకున్నాయి. నాలుకకు నచ్చకపోవడాన్ని యావ లేకపోవడం అనుకోకూడదు.

తార్నాక శ్రీను:
కోలుకున్నారండీ. యావ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను, ఫిట్స్ విషయంలో ఒప్పుకోను. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జాన్ క్రాబ్ బృందం మానినప్పుడు ఫిట్స్ ఎక్కువ వచ్చిన ఎలుకలను వాటితోనే, తక్కువ వచ్చినవాటిని వాటితోనే తరతరాలుగా జతకట్టించింది. మందు ఒకేలా ఎక్కించినా రెండు వంశాలూ పూర్తిగా విడిపోయాయి. అక్కడే 2004లో కారీ బక్ బృందం నాలుగో క్రోమోజోమ్ మీద ఈ ఫిట్స్‌తో ముడిపడ్డ ఎంపీడీజెడ్ అనే జన్యువును చూపించింది. ఎలుకల్లో నిద్రమాత్రల జాతి మందు ఆపినప్పుడు వచ్చే ఫిట్స్‌తోనూ దానికి సంబంధం ఉంది. మత్తుమందు కలిపిన కల్లు తాగేవాళ్లున్న మన ఊళ్లో ఇది పట్టించుకోవాల్సిన విషయం.

మలక్‌పేట సరళ:
తాత, నాన్న, ఇప్పుడు అన్న. జన్యువులంటే వీళ్లకు ఇంకో సాకు దొరికినట్టే కదా?

ఉప్పల్ లక్ష్మి:
సాకు కాదమ్మా. బోనులో సీసా పెట్టేది మనిషే. ఇక్కడ వైన్స్ పక్కనే పర్మిట్ రూమ్ కూడా ఉంది. 2020 లాక్‌డౌన్‌లో వైన్సూ కల్లు కాంపౌండ్లూ ఒక్కసారిగా మూతపడగానే ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం ఎలా వచ్చారో గుర్తుందా? ఫిట్స్ సాధారణంగా మానిన రెండు రోజుల్లోపే వస్తాయి. ఎంత తాగేవాడన్న లెక్క ఒక్కటే చూసుకుని ఇంట్లో మాన్పించకూడదు.

మలక్‌పేట సరళ:
అక్కా, అన్న నిన్న రాత్రే మానేస్తానని ఒట్టేశాడు. పొద్దున్నుంచి చెమటలు. నాకు వాడి మీద కోపం పోలేదు, కానీ ఇప్పుడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నా.