"కిటికీ అద్దం రవిచే పగలగొట్టబడినది": ఈ వాక్యంలో తెలుగు ఎంత?

ప్రశ్న

నేను ఒక ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధిస్తాను. యాక్టివ్ వాయిస్‌లోని వాక్యాన్ని ప్యాసివ్ వాయిస్‌లోకి మార్చడం తొమ్మిదో తరగతి పిల్లలకు నేర్పుతూ, "రవి బ్రోక్ ద విండో" అన్న వాక్యాన్ని "ద విండో వాజ్ బ్రోకెన్ బై రవి" అని మార్చి చూపాను. అర్థం తెలియడానికి పక్కనే "కిటికీ అద్దం రవిచే పగలగొట్టబడినది" అని బోర్డు మీద రాశాను. వెనక బెంచీలోని కుర్రవాడొకడు లేచి, "టీచర్, మా ఇంట్లో అద్దం పగిలితే ఎవరూ ఇలా అనరు" అన్నాడు. తరగతి అంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు. కర్మణి ప్రయోగాన్ని, అంటే ఈ ప్యాసివ్‌ను, తెలుగులో చెప్పడానికి "బడు" తప్ప మరో దారి లేదా? ఉంటే, దాని సాయంతో ఇంగ్లీషు ప్యాసివ్‌ను పిల్లలకు వివరించవచ్చా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం

అమ్మా, ఆ కుర్రవాడి ఇంట్లో నిజంగా ఏమంటారో ముందు చూద్దాం. గాజు పెంకులు చూసిన తల్లి "ఎవర్రా పగలగొట్టింది?" అని అడుగుతుంది. పగలగొట్టినవాడు అక్కడే గోడకు ఆనుకుని "పగిలిపోయిందమ్మా" అంటాడు. తల్లి వాడింది ఎవరో దేన్నో చేశారని చెప్పే సకర్మక క్రియ, కొడుకు వాడింది అది దానంతట అదే జరిగినట్టు చెప్పే అకర్మక క్రియ. చేసినవాణ్ణి వాక్యంలోంచి తప్పించడానికి ఇంగ్లీషువాడు చాలా క్రియలకు "వాజ్" వంటి ఒక సహాయక క్రియనూ "రిటెన్" వంటి ఒక మూడో రూపాన్నీ కూడగట్టుకోవాలి. మన పిల్లవాడికి ఆ అవసరం లేదు, ఎందుకంటే పగలగొట్టడం పక్కనే పగలడం అతనికి సిద్ధంగా ఉంది. విరుచు అన్నదానికి విరుగు, తెంచుకు తెగు, కాల్చుకు కాలు, ముంచుకు మునుగు, నింపుకు నిండు, ఆర్పుకు ఆరు: ఇలాంటి జంటలు మన భాషలో కోకొల్లలు. ఇంగ్లీషులో బ్రేక్ వంటి కొన్ని క్రియలు ఒకే రూపంతో రెండు పనులూ చేస్తాయి కాని రైట్, బిల్డ్, స్టీల్ వంటివి చేయవు. "ద లెటర్ రోట్" అంటే ఉత్తరమే కూర్చుని రాసిందని అర్థం వస్తుంది.

జంట దొరకనిచోట తెలుగువాడు కర్తను చెప్పకుండా బహువచన క్రియ వాడి ఊరుకుంటాడు. "దొంగను పట్టుకున్నారు", "మామయ్యను ఆసుపత్రిలో చేర్చారు", "మా వీధిలో రోడ్డు వేస్తున్నారు" అన్నప్పుడు ఎవరు అని వినేవాడు అడగడు, చెప్పేవాడికీ ఆ ధ్యాస ఉండదు. ఈ మూడింటికీ ఇంగ్లీషులో సహజమైన రూపం ప్యాసివే. అందువల్ల "ఏ రోడ్ ఈజ్ బీయింగ్ లెయిడ్" అన్న వాక్యానికి "రోడ్డు వేయబడుచున్నది" అని అర్థం చెప్పడం కంటే "రోడ్డు వేస్తున్నారు" అని చెప్పడమే సరైన అనువాదం. "ఇచ్చట పంక్చర్లు వేయబడును" అని రేకు మీద రాయించుకున్న దుకాణదారు కూడా నోటితో అడిగితే "వేస్తాం, బండి ఇటు తీసుకురండి" అనే అంటాడు.

ఇక ప్యాసివ్ వాక్యాలలో కర్తను దాచనివి కూడా ఉంటాయి. "దిస్ హౌస్ వాజ్ బిల్ట్ బై మై గ్రాండ్‌ఫాదర్" అన్నప్పుడు తాతను దాచడం ఉద్దేశం కాదు, మాట ఇంటి గురించి కనుక ఇంటిని ముందు నిలబెట్టడం ఉద్దేశం. ఇంగ్లీషులో ఎవరు చేశారో, ఎవరికి జరిగిందో చెప్పేది పదాల వరుస. "రవి సా సీత" అంటే చూసినవాడు రవి, పేర్లను తారుమారు చేస్తే చూసింది సీత. తెలుగులో ఆ బాధ్యతను "ను, ని" ప్రత్యయాలూ క్రియ చివరి అక్షరాలూ మోస్తాయి కాబట్టి, కర్మను వాక్యం మొదటికి జరిపినా అర్థం చెదరదు. "ఈ ఇల్లు మా తాత కట్టాడు" అన్న అయిదు ముక్కల వాక్యం ఇంగ్లీషు ప్యాసివ్ చేసే పనంతా చేస్తుంది. "మా తాతచే కట్టబడినది" అనడంలో అదనంగా చేరింది బరువు మాత్రమే.

మరొక విశేషం ఉంది. "రాసిన మనిషి, రాసిన ఉత్తరం, రాసిన కలం" అని మూడు మాటలు పక్కపక్కన పెట్టి చూడండి. మనిషి రాశాడు, ఉత్తరాన్ని రాశారు, కలంతో రాశారు. అయినా "రాసిన" అన్న రూపం ఎక్కడా మారలేదు. ఇంగ్లీషులో మొదటిదానికి యాక్టివ్, రెండోదానికి ప్యాసివ్ తప్పనిసరి. మన క్రియాజన్య విశేషణానికి వాయిస్ అన్న పట్టింపే లేదు. దీనివల్ల అప్పుడప్పుడు తమాషాలూ జరుగుతాయి: "పులి చంపిన వేటగాడు" అంటే చచ్చింది పులో వేటగాడో ముందు వెనక మాటలు చూస్తేగాని తేలదు.

అనుభవించినవాడి పక్షాన మాట్లాడవలసి వస్తే మనకు "తిను", "పడు", "పోవు" ఉన్నాయి. దెబ్బలు తిన్నాడు, చీవాట్లు తిన్నాడు, అందరి చేతా మాట పడ్డాడు, మోసపోయాడు, పట్టుబడ్డాడు. "హీ వాజ్ స్కోల్డెడ్" అన్నదానికి "అతడు తిట్టబడెను" అని రాసిన విద్యార్థికి మార్కులు వేయవచ్చు గాని, "తిట్లు తిన్నాడు" అని రాసినవాడికి ఇంకొకటి ఎక్కువ వేయాలని నా అభిప్రాయం.

మీ తరగతి గదికి నేరుగా పనికివచ్చే సంగతి ఇంగ్లీషు నుంచి మనం తెచ్చుకున్న క్రియల్లో ఉంది. టికెట్ బుక్ చేశాను, టికెట్ బుక్ అయింది. ఫోన్ ఛార్జింగ్ పెట్టాను, ఛార్జ్ అవుతోంది. సస్పెండ్ చేశారు, సస్పెండ్ అయ్యాడు. ఇలాంటి ఇంగ్లీషు మాటలు చాలావాటికి "చేయు" తగిలిస్తే యాక్టివ్, "అవు" తగిలిస్తే ప్యాసివ్. ఇంత తేలికైన ఏర్పాటును ఏ వ్యాకరణమూ మనకు నేర్పలేదు, వాడుకే పుట్టించుకుంది. చిక్కల్లా ఆ పిల్లలే ఇంగ్లీషు మాట్లాడబోయినప్పుడు వస్తుంది. "సెలెక్ట్ అయ్యాను" అన్న వాక్యంలో "అయ్యాను" అన్నది "వాజ్" చేయవలసిన పని చేస్తోందని తెలియక, "ఐ సెలెక్టెడ్" అనేస్తారు. అంటే తామే ఎవరినో ఎంపిక చేశారన్నమాట. "మై ఫాదర్ సస్పెండెడ్" అన్న వాక్యంలో నాన్నగారు ఎవరిని సస్పెండ్ చేశారో తెలియదు. తెలుగులో "అయ్యాడు, అయింది, అవుతుంది" అన్నచోట ఇంగ్లీషులో సాధారణంగా "వాజ్, ఈజ్, విల్ బీ" రావాలని పిల్లలకు ఒక్కసారి పట్టుబడితే, మన తెలుగువాళ్లు ఉద్యోగపు ఇంటర్వ్యూలలో చేసే ఈ తప్పు చాలావరకు పోతుంది.

రూపాల మార్పు సంగతికి వస్తే, పన్నెండు కాలాలకు పన్నెండు సూత్రాలు బట్టీ పట్టించడం నాకు నచ్చదు. పట్టికలో ఉన్నది నిజానికి ఒకే సూత్రం. యాక్టివ్ వాక్యంలో అసలు క్రియ ఏ రూపంలో ఉందో ఆ రూపాన్ని "బీ" క్రియకు ఇచ్చి, అసలు క్రియను మూడో రూపంలో దాని వెనక కూర్చోబెట్టాలి. రైట్స్ ఉంటే ఈజ్, రోట్ ఉంటే వాజ్, రైటింగ్ ఉంటే బీయింగ్, రిటెన్ ఉంటే బీన్, ఉత్త రైట్ ఉంటే బీ. "హాజ్ రిటెన్" అన్నది "హాజ్ బీన్ రిటెన్" అవుతుంది, "ఈజ్ రైటింగ్" అన్నది "ఈజ్ బీయింగ్ రిటెన్" అవుతుంది, "విల్ రైట్" అన్నది "విల్ బీ రిటెన్" అవుతుంది. ఆ పైన కొత్త కర్త ఏకవచనమా బహువచనమా చూసుకుని ఈజ్‌ను ఆర్‌గానో వాజ్‌ను వర్‌గానో సర్దుకోవాలి. పిల్లలు తప్పేది ఎక్కువగా ఇక్కడే: "రవి ఈట్స్ మ్యాంగోస్" అన్నదాన్ని మార్చేటప్పుడు కళ్లు ఇంకా రవి మీదే ఉండి "మ్యాంగోస్ ఈజ్ ఈటెన్" అని రాస్తారు.

"ఈజ్ బీయింగ్ బిల్ట్" నోరు తిరగడం లేదని పిల్లలు విసుక్కుంటే, అది ఇంగ్లీషువాళ్లకూ ఒకప్పుడు ఎబ్బెట్టుగానే తోచిందని చెప్పండి. పద్ధెనిమిదో శతాబ్దంలో "ద హౌస్ ఈజ్ బిల్డింగ్" అంటేనే ఇల్లు కడుతున్నారని అర్థం. "బీయింగ్ బిల్ట్" ఆ శతాబ్దం చివర్లో తల ఎత్తితే, పందొమ్మిదో శతాబ్దమంతా వ్యాకరణవేత్తలు దాన్ని తిట్టిపోస్తూనే ఉన్నారు.

అభ్యంతరం

పైన రాసినవారి వాదన ఆసక్తికరంగా ఉంది గాని, "బడు" ప్రయోగాన్ని మరీ పరాయిదాన్ని చేశారు. ప్రాచీన కావ్యాలలో అది ఉంది, వ్యాకరణాలూ దాన్ని అంగీకరించాయి. "రామునిచే రావణుడు చంపబడెను" అని మేమంతా చదువుకున్నాం. "కనబడు, వినబడు" నేటికీ ఇంటింటి మాటలే కదా. కర్తరి (యాక్టివ్), కర్మణి (ప్యాసివ్) భేదాన్ని పిల్లలకు తెలుగులో చూపడానికి అంతకంటే స్పష్టమైన సాధనం మరొకటి లేదు.

సమాధానం

మాస్టారూ, "బడు" పరాయిదని నేను అనలేదు. దానికి మన వాడుక ఇచ్చిన పని వేరని మాత్రమే నా మనవి. మీరు చెప్పిన కనబడు, వినబడులకు తోడు నిలబడు, తిరగబడు, ఎగబడు, కలబడు కూడా తీసుకోండి. తిరగబడినవాణ్ణి ఎవరో తిరగేయలేదు, వాడే తిరగబడ్డాడు. కనబడేదానిలో కూడా "నాకు కనబడింది" అంటాం గాని "నాచే కనబడింది" అనం. అంటే జీవద్భాషలోని "బడు" అనుభవానికో సంభవానికో గుర్తు, "చేత" ప్రత్యయంతో కూడిన పూర్తి కర్మణి ప్రయోగానికి గుర్తు కాదు. సంస్కృతంలో "రామేణ రావణః హతః" అన్నది ఎంతో సహజమైన వాక్యం. అక్కడ కర్మణి మాత్రమే కాదు, కర్మ లేని క్రియకు భావే ప్రయోగం కూడా ఉంది. ఆ అచ్చులో పోసిన తెలుగు వాక్యం మనకు అర్థమవుతుంది, పద్యంలో శోభిస్తుంది, మాటల్లో మాత్రం నిలవదు. ఒక్క "అనబడే" మాత్రం ఇప్పటికీ చురుగ్గా బతికి ఉంది, అదీ ఎక్కువగా వెటకారానికే: "ఈ పెద్దమనిషి అనబడే ఆయన".

మీరు అన్నట్టు భేదాన్ని చూపడానికి బోర్డు మీద ఒకసారి "చంపబడెను" అని రాయడంలో తప్పు లేదు. అది పరంజా లాంటిది, గోడ లేచాక తీసేయాలి. తీయకపోతే రెండు కర్మలున్న వాక్యాల దగ్గర పిల్లవాడు చిక్కుకుంటాడు. "ఐ వాజ్ గివెన్ ఏ బుక్" అన్నదాన్ని "నేను పుస్తకం ఇవ్వబడ్డాను" అని రాస్తే, తననే ఎవరికో ఇచ్చేసినట్టు ఉంటుంది. మనుషులను ఇవ్వడం మన భాషలో పెళ్లి మాట: "మా పెద్దమ్మాయిని తెనాలి ఇచ్చాం" అంటాం. "నాకు పుస్తకం ఇచ్చారు" అని చెబితే సరిపోతుంది. అలాగే "హావ్, రిజెంబుల్" వంటి క్రియలకు ప్యాసివ్ ఎందుకు రాదని పిల్లలు అడిగినప్పుడు కూడా తెలుగే ఆదుకుంటుంది. "నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు", "వాడిది అచ్చం తండ్రి పోలిక" అన్న వాక్యాలలో ఎవరూ ఎవరికీ ఏమీ చేయడం లేదు, కాబట్టి తిప్పడానికి అక్కడ ఏమీ లేదు.

కర్తను కప్పిపెట్టడానికి ఇంగ్లీషు ప్యాసివ్ పేరుపడింది. అమెరికా అధ్యక్షుడు గ్రాంట్ 1876లో కాంగ్రెసుకు పంపిన తన చివరి వార్షిక సందేశంలో పొరపాట్లు జరిగాయని ప్యాసివ్‌లోనే ఒప్పుకున్నాడు. 1987లో ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలు అమ్మిన వ్యవహారం గురించి మరో అమెరికా అధ్యక్షుడు రీగన్ కూడా "సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్" అన్నాడు. నేను ఈ రెండింటినీ "పొరపాట్లు జరిగాయి" అని అనువదించడానికి "బడు" అక్కరలేకపోయింది, చూశారా? మన ప్రకటనల్లోని "తొలగించడమైనది", "నిర్ణయం తీసుకోవడం జరిగింది" అన్న వాక్యాలూ ఈ కోవలోవే. ఒకసారి ఒక కార్యాలయం నుంచి నాకు "మీ దరఖాస్తు పరిశీలించబడి తిరస్కరించబడినది" అని జాబు వచ్చింది. ఎవరిని కలవాలో తెలుసుకుందామని ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివినా అందులో మనిషి కనబడలేదు.

ప్రశ్న అడిగినవారి నుంచి

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న తరగతిలో "ఈ ఇల్లు మా తాత కట్టాడు" అన్న ఉదాహరణ చెప్పగానే, తాపీమేస్త్రీ కొడుకు ఒకడు చెయ్యి ఎత్తి, "కట్టేది మా నాన్న టీచర్, వాళ్ల తాత కట్టించాడు" అన్నాడు. ఈ తేడాను ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

సమాధానం

ఆ అబ్బాయి చెప్పిందే నిజం. "బిల్ట్ బై మై గ్రాండ్‌ఫాదర్" అన్న ఇంగ్లీషు మాట తాపీ పట్టుకున్న తాతకూ డబ్బు పెట్టిన తాతకూ ఒకేలా సరిపోతుంది. తెలుగులో "కట్టించాడు" అన్నదానిలోని ఒక్క "ఇంచు" ఆ ఇద్దరినీ విడదీస్తుంది. ఇంగ్లీషులో విడదీయాలంటే "మై గ్రాండ్‌ఫాదర్ హాడ్ ద హౌస్ బిల్ట్" అనాలి. ఇందులో "హాడ్" ముందుండటం వల్ల యాక్టివ్‌లా కనిపిస్తుంది గాని, ఇంటి పక్కన కూర్చున్న "బిల్ట్" మాత్రం ఇంతసేపూ మనం మాట్లాడుకున్న ఆ మూడో రూపమే. కట్టినవారిని కూడా చెప్పాలనుకుంటే దాని వెనకే "బై" చేర్చి, ఆ అబ్బాయి నాన్నగారి పేరు రాయించండి.