ఉపమ, ఉత్ప్రేక్షల మధ్య తేడా పట్టుకోవడం ఎలా?

తెలుగు భాషా పరీక్షకు చదువుకుంటున్న నేను రెండు నెలలుగా రోజుకు అరగంట అలంకారాలను సాధన చేస్తున్నాను. శబ్దాలంకారాలలోను, రూపకంలోను పెద్దగా ఇబ్బంది లేదు. కాని పాఠ్యపుస్తకాలలోని 40 పద్యపాదాలను గుర్తించే ప్రయత్నంలో 9 తప్పగా, వాటిలో 7 ఉపమను (ఒకదానిని మరొకదానితో పోల్చడం) ఉత్ప్రేక్షగానో (ఒకదానిని మరొకటేమో అని ఊహించడం), ఉత్ప్రేక్షను ఉపమగానో పొరబడినవే.

మొదట వాచకాలను, అంటే పోలికను గాని ఊహను గాని తెలిపే పదాలను, పట్టుకుని చూశాను: ‘వలె, పోలె, కరణి, భంగి’ ఉంటే ఉపమ, ‘ఏమో, కాబోలు, అనంగ’ ఉంటే ఉత్ప్రేక్ష అని పట్టిక రాసుకున్నాను. ‘మబ్బులు ఏనుగుల వలె ఉన్నవి’, ‘ఆ మబ్బులు ఏనుగులేమో అన్నట్లున్నవి’ వంటి వాక్యాలకు ఆ పట్టిక సరిపోయింది. ‘కాటుక కురిసినట్లు చీకటి కమ్ముకుంది’ అన్నచోట మాత్రం చేతులెత్తేసింది. ‘అట్లు’ ఉన్నందున ఉపమ అనుకుందామంటే, ఆకాశం నుంచి కాటుక కురవడం లోకంలో లేని పని, కనుక అది ఊహ అనిపిస్తున్నది. సరే, ఉపమానం (దేనితో పోలుస్తున్నామో అది) లోకంలో ఉన్నదా లేదా అని చూద్దామనుకుంటే, కల్పిత వస్తువుతో పోల్చినా ఉపమే అవుతుందని మరొక వ్యాకరణ పుస్తకంలో కనిపించి, ఆ కొలత కూడా చెడిపోయింది. (లక్షణాలు కంఠస్థం చేయడం వల్ల ఇక్కడ ప్రయోజనం లేదని మాత్రం తేలింది.)

‘అట్లు’ ఒక వస్తువుకు కాక, ‘కురిసినట్లు’ అన్నట్లుగా క్రియకు చేరినప్పుడు, అది పోలికో ఊహో తేల్చడానికి మీరు వాక్యంలో మొట్టమొదట దేనిని పరిశీలిస్తారు?