ఇంజనీరింగ్ శాంపిల్ ప్రాసెసర్లు సెకండ్‌హ్యాండ్‌లో కొనవచ్చా?

రాత్రిబండి:
ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడుపుకోవడానికి ఒక పెద్ద కంప్యూటర్ కట్టుకుందామని చూస్తున్నాను. ఈబేలో ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్ జియాన్ ప్లాటినం 8480 ఇంజనీరింగ్ శాంపిళ్లు (విడుదలకు ముందు పరీక్షల కోసం చేసినవి), 56 కోర్లవి, వందల డాలర్లకే కనిపిస్తున్నాయి. 2023 జనవరిలో అసలు చిప్పు 8480ప్లస్ విడుదలైనప్పుడు ఇంటెల్ చెప్పిన ధర 10,000 డాలర్ల పైమాటే. డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు సంక్రాంతికి వస్తూ తెస్తానంటున్నాడు. ధరలో ఇంత తేడా ఉందంటే ఎక్కడో తిరకాసు ఉండి తీరాలి. వాడినవాళ్లు చెప్పండి.

బోర్డువైద్యుడు:
తిరకాసు చిప్పులో కన్నా మదర్‌బోర్డులో ఎక్కువండీ. ఒక ప్రాసెసర్ మార్కెట్లోకి వచ్చేలోపు దాని డిజైన్‌ను చాలాసార్లు సరిచేస్తారు. ఆ ఒక్కో దశను స్టెప్పింగ్ అంటారు. బోర్డు ఆన్ కావాలంటే ఆ స్టెప్పింగ్‌కు సరిపడే మైక్రోకోడ్ (చిప్పును లోపల నడిపించే సూచనలు) బయోస్‌లో, అంటే బోర్డును మేల్కొలిపే సాఫ్ట్‌వేర్‌లో, ఉండాలి. కొత్త బయోస్ ఇచ్చేటప్పుడు తయారీదారులు తొలి స్టెప్పింగుల మైక్రోకోడ్‌ను తీసేస్తుంటారు. అమ్మకానికి రాని చిప్పు కోసం వాళ్లు చోటు ఎందుకు ఉంచుతారు?

నా దగ్గరకు రిపేరుకు వచ్చేవాటిలో తరచూ ఇదే కథ. అప్పటిదాకా చక్కగా నడిచింది, బయోస్ అప్‌డేట్ చేశాక తెర మీద ఏమీ రావడం లేదు, చిప్పు కాలిపోయిందేమో అంటారు. పాత బయోస్ ఎక్కిస్తే లేచి కూర్చుంటుంది. అందుకే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ ఎక్కించుకునే వీలున్న బోర్డు చూసుకోండి. కొన్న తర్వాత బయోస్ జోలికి వెళ్లకండి.

వెళ్లకపోవడానికీ ఒక మూల్యం ఉంది. 2018 జనవరిలో ప్రాసెసర్లలో రహస్య సమాచారం బయటికి పొక్కే స్పెక్టర్, మెల్ట్‌డౌన్ లోపాలు బయటపడ్డాక, దుకాణాల్లో కొన్న చిప్పులకు విడతలవారీగా మైక్రోకోడ్ సవరణలు వచ్చాయి. శాంపిళ్లకు అలాంటి హామీ ఎవరూ ఇవ్వరు. బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్లో నేనైతే శాంపిల్ పెట్టను.

గోదారిగట్టు:
అసలు ఆ వస్తువు అమ్మేవాడిదేనా? ఈ శాంపిళ్లు తమ సొత్తేనని, బోర్డు కంపెనీలకూ సాఫ్ట్‌వేర్ కంపెనీలకూ ఒప్పందం మీద పరీక్షల కోసం ఇచ్చినవని, అమ్మకూడదని, వారంటీ ఉండదని ఇంటెల్ స్పష్టంగానే చెబుతుంది. చిప్పు మీదే ‘ఇంటెల్ కాన్ఫిడెన్షియల్’ అని చెక్కి ఉంటుంది. వేలమంది కొంటున్నారు కదా అంటారు. కొంటున్నారు, నిజమే. రేపు తేడా వస్తే ఎవరి దగ్గర మొరపెట్టుకుంటారు?

నిశితం:
శాంపిళ్లన్నీ ఒకటి కావు. తొలి దశవాటిని ఈఎస్ (ఇంజనీరింగ్ శాంపిల్) అంటారు. వేగం తక్కువ ఉండవచ్చు, కొన్ని సౌకర్యాలు పనిచేయకపోవచ్చు. వర్చువల్ మెషీన్లకు (ఒకే కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్‌తో నడిపే విడి కంప్యూటర్లకు) గ్రాఫిక్స్ కార్డు లాంటివి నేరుగా అప్పగించే వీటీ-డీ లేదని కొన్నాక తెలిసినవాళ్లు ఉన్నారు. చివరి దశవి క్యూఎస్ (క్వాలిఫికేషన్ శాంపిల్). ఇవి దాదాపు దుకాణంలో దొరికే చిప్పే. కొంటే క్యూఎస్ కొనండి.

అమ్మకందారు పెట్టిన శీర్షిక నమ్మవద్దు, ఫొటోలో మూత మీద కోడ్ చదవండి. శాంపిల్ అయితే నాలుగక్షరాల కోడ్ క్యూతో మొదలవుతుంది. మామూలు చిప్పుకు ఎస్‌తో మొదలవుతుంది. ఆ కోడ్‌ను వెతికితే ఏ స్టెప్పింగో, ఏ బోర్డుల్లో నడిచిందో వాడినవాళ్ల మాటల్లో దొరుకుతుంది. మూత అరగదీసి కొత్త అక్షరాలు చెక్కేవాళ్లూ ఉన్నారు. అందుకే చేతికి రాగానే, ప్రాసెసర్ వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్ సీపీయూ-జడ్ తెరిచి పేరు పక్కన ఈఎస్ అని ఉందేమో చూడండి.

పాతసామాను:
అందరూ భయపెడుతున్నారు కాబట్టి రెండో వైపు కూడా రాస్తాను. ల్యాప్‌టాప్ కోసం చేసిన ఇంటెల్ 11వ తరం శాంపిల్‌ను అతికించి అమ్మే చైనా బోర్డు ఒకటి నా దగ్గర ఉంది. విండోస్ దాని పేరు ‘జెన్యూన్ ఇంటెల్ సీపీయూ 0000’ అని చూపిస్తుంది, నామకరణం కాని పిల్లాడిలా. ఇంట్లో ఫైల్ సర్వర్‌గా రేయింబవళ్లు నడుస్తోంది, పేచీ లేదు. బోర్డూ చిప్పూ కలిపి కొన్నాను కాబట్టి బయోస్ గొడవ కూడా లేదు.

అయినా డబ్బాలో సీలు వేసి అమ్మినవి మాత్రం నిర్దోషులా? ఇంటెల్ 13, 14వ తరాల డెస్క్‌టాప్ చిప్పులు అస్థిరంగా మారితే 2024లో మైక్రోకోడ్ మీద మైక్రోకోడ్ ఇవ్వాల్సి వచ్చింది.

నిశితం:
ఆ ఉదాహరణ నా వాదనకే బలం, పాతసామాను గారూ. ఆ చిప్పులను డబ్బాలో కొన్నవాళ్లకు ఇంటెల్ వారంటీని మరో రెండేళ్లు పెంచింది. అదే తరం శాంపిల్ కొన్నవాడికి ఆ అవకాశం ఎక్కడిది?

పాతసామాను:
ఒప్పుకుంటాను. అందుకే పోయినా ఫరవాలేదు అనుకునేంత డబ్బే పెట్టాలి.

బోర్డువైద్యుడు:
రాత్రిబండి గారూ, మీరు చిప్పు ధర ఒక్కటే చూస్తున్నారు. 8480కు ఎల్‌జీఏ 4677 సాకెట్ బోర్డు కావాలి, అది చవక కాదు. మామూలు డెస్క్‌టాప్ మెమరీ అందులో పట్టదు, సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ డీడీఆర్5 మెమరీ కావాలి. మెమరీ చానళ్లు, అంటే చిప్పుకూ మెమరీకీ మధ్య దారులు, ఎనిమిది. ఏఐ మోడళ్ల వేగం మెమరీ మీదే ఎక్కువగా ఆధారపడుతుంది కాబట్టి ఎనిమిదీ నింపకపోతే ఇంత చిప్పు కొని ప్రయోజనం లేదు. అసలు ఖర్చు అక్కడే. విడుదలైన 8480ప్లస్ విద్యుత్ పరిమితి 350 వాట్లు. మే నెలలో బెజవాడలో అది ఉన్న గదిలో మీరు కూర్చోగలరా అన్నది వేరే చర్చ.

గోదారిగట్టు:
సర్వర్ చిప్పులే కావాలంటే ఏఎండీ కంపెనీ పాత ఎపిక్ చిప్పులు, శాంపిళ్లు కానివి, దొరుకుతాయి కదా?

బోర్డువైద్యుడు:
దొరుకుతాయి, కానీ అక్కడ వేరే ఉచ్చు ఉంది. కొన్ని కంపెనీల సర్వర్లలో ఒకసారి పెట్టిన ఎపిక్ ఆ కంపెనీ బోర్డులకే కట్టుబడిపోతుంది. ఆ సర్వర్ ఈ సంగతిని చిప్పు లోపలి ఫ్యూజుల్లో రాసేస్తుంది కాబట్టి తిరిగి విప్పలేం. ఏ కంపెనీ సర్వర్ నుంచి తీశారో, లాక్ పడిందో లేదో అడిగి కొనాలి.

రాత్రిబండి:
అందరికీ ధన్యవాదాలు. ఏ బోర్డులో, ఏ బయోస్‌తో పరీక్షించారని ఈబే అమ్మకందారును అడిగాను. ‘అన్ని బోర్డుల్లోనూ పనిచేస్తుంది’ అని జవాబు వచ్చింది.

పాతసామాను:
అంటే ఏ బోర్డులోనూ పెట్టి చూడలేదన్నమాట. వేరే అమ్మకందారును చూడండి, బోర్డుతో కలిపి ఆన్ చేసి బయోస్ తెర ఫొటో పంపగలిగేవాడిని. మీ అన్నయ్యను కూడా అక్కడ ఉండగానే ప్యాకెట్ విప్పి కోడ్ సరిచూడమనండి. ఇక్కడికి తెచ్చాక తిరిగి పంపడం అయ్యే పని కాదు.