బైసిమ్యులేషన్‌ని తెలుగులో ఏమందాం?

ఒక్క మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయానండి. కాంకరెన్సీ (ఒకేసారి నడిచే ప్రోగ్రాముల సంగతి) మీద తెలుగులో చిన్న వ్యాసం రాస్తున్నా. అలాంటి ప్రోగ్రాముల్ని లెక్కల్లా రాసే పద్ధతి, రాబిన్ మిల్నర్ 1980 నాటి సీసీఎస్ దాకా బానే నడిచింది, 1981లో డేవిడ్ పార్క్ తెచ్చిన బైసిమ్యులేషన్ (ఒకటి వేసే ప్రతి అడుగుకీ రెండోది జవాబివ్వగలిగితే రెండూ తుల్యం అనే పోలిక) దగ్గర ఇరుక్కున్నా. ఈక్వివలెన్స్‌కి ఇబ్బంది లేదు, ఇంటర్ లెక్కల్లో తుల్య సంబంధం అని చదువుకున్నదే. దీనికి మాత్రం 'ద్వ్యనుకరణ' అంటే నోరు తిరగదు, పైగా రెండుసార్లు అనుకరించినట్టుంది. అందుకే 'పరస్పరానుకరణ' అని పెట్టేశా. ఎలా ఉంది?

జవాబు: వినడానికి బాగుంది గానీ అర్థం తప్పుతుందండి. రెండు టీ మిషన్లు తీసుకోండి. మొదటిది పది రూపాయల బిళ్ళ వేస్తే టీ పోస్తుంది, అంతే. రెండోది ఒక్కోసారి పోస్తుంది, ఒక్కోసారి బిళ్ళ మింగేసి కిక్కురుమనదు (మా పాత ఆఫీసులో అలాంటిదే ఉండేది, దాన్ని తన్నని వాళ్ళు లేరు). మొదటిది చేసేదంతా రెండోది చేయగలదు. రెండోది చేసేదంతా మొదటిదీ చేయగలదు, ఎందుకంటే మింగేసి ఊరుకోవడం పని కింద లెక్క కాదు. అంటే మీ లెక్కన పరస్పరానుకరణే! కానీ ఇది బైసిమ్యులేషన్ కాదు. అందులో ఎవరు ముందు అడుగు వేయాలన్నది మధ్యలో మార్చేయొచ్చు. రెండోది బిళ్ళ మింగి కూర్చున్నాక మనం "ఇప్పుడు నువ్వు కానీ" అని మొదటిదాన్ని అంటే అది టీ పోసేస్తుంది, రెండోది దొరికిపోతుంది.

నేను: అమ్మో, అచ్చులోకి పోయేదే! అయితే 'జంటనడక' అంటే? అడుగడుగునా కలిసి నడవాలన్నది అందులో ఉంది కదా.

ఇంకొకరు: నాకు మూడు కాళ్ళ పరుగు గుర్తొస్తోంది, అయినా ఆ సమాసం కంటే నయం. అయితే ఎవరు చూస్తే తుల్యం అన్నది కూడా రాయండి. 1993లో పియర్స్, సాంజోర్జీ అనే పరిశోధకులు పై-క్యాల్కులస్‌లో (సీసీఎస్ తర్వాతి తరం పద్ధతి) ప్రోగ్రాములు కబుర్లు పంపుకునే దారులైన ఛానెళ్ళకి టైపులు, అంటే వాడకపు నియమాలు, పెట్టి, ఫలానా ఛానెల్ మీద నువ్వు పంపడమే, వినడానికి లేదు అని కట్టడి చేశారు. వినే వీల్లేనివాడికి అక్కడేం వినిపిస్తే ఏంటి? అందుకే టైపులు లేనప్పుడు వేరని తేలిన ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రాములు) టైపులు పెట్టాక తుల్యం కావచ్చు. మెకానిక్ ఒక్కడికే వినపడే ఛానెల్‌లో తేడా ఉంటే టీ తాగేవాడికేం పట్టింది.

నేను: ఇది వ్యాసంలో పెడుతున్నా. టైపుని మాత్రం టైపుగానే ఉంచేస్తానండీ, 'రకం' అంటే వంకాయల బేరంలా ఉంది.